డార్లా పిస్తోలుకి కావలసినవి

హెర్షెల్ ప్రూయెట్‌కి తుపాకులంటే విసుగు పుట్టి చాలా ఏళ్ళయింది. కానీ ఆ మాట పైకి అంటే నలభై ఏళ్ళు తిన్న తిండికి ద్రోహం చేసినట్టుంటుందని ఎవరితోనూ అనలేదు. నిజానికి ఆ విసుగు తుపాకుల మీద కూడా కాదు, జాబితాల మీద. మనిషి కొత్త పిస్తోలు కొనుక్కుంటాడు. దాంతో నిండా యాభై తూటాలు కాల్చి ఉండడు. ఇంటర్నెట్‌లో ఎవడో గడ్డంవాడు చెప్పిందంతా విని, దానికి మార్చవలసిన ముక్కలన్నీ కాగితం మీద రాసుకుని హెర్షెల్ షెడ్డుకి వచ్చేస్తాడు. దాన్ని తయారుచేసిన ఇంజినీర్లు ఇరవైమంది ఇరవై ఏళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నది ఇతగాడి కోసమే కాబోలు, మిగిలిన పని ఇతగాడు పూర్తిచెయ్యాలి మరి.

షెడ్డు ఇంటి వెనకే ఉంది. అందులో ఒక పనిబల్ల, ఒక పెట్టె ఫ్యాను, గోడ పొడుగునా అరలు. ఆ అరల మీద నలభై ఒక్క కాఫీ డబ్బాలు. ఒక్కో డబ్బాకి అంటించిన టేపు మీద ఒక పేరు, ఒక తేదీ. ఎవరి పిస్తోలుకి ఏ ముక్క మార్చినా, తీసేసిన అసలు ముక్కని వాళ్ళ పేరుతో డబ్బాలో వేసి ఉంచడం హెర్షెల్ అలవాటు. పాత ఇనుము పోగేస్తున్నాడని మొదట్లో అందరూ నవ్వారు. రెండేళ్ళకో మూడేళ్ళకో నవ్వినవాళ్ళే వచ్చి, తల గోక్కుంటూ, "మా పాత స్ప్రింగు ఉందా హెర్షెల్? కొత్తది ప్రతి మూడో తూటాకీ ఇరుక్కుంటోంది" అనేవారు. హెర్షెల్ మాట్లాడకుండా డబ్బా దించేవాడు. వద్దని ముందే చెప్పి ఉండాల్సింది. ఎప్పుడూ చెప్పలేదు. అడిగినవాడికి అడిగింది బిగించాడు, తర్వాత విప్పాడు. బిగించినప్పుడూ విప్పినప్పుడూ అలుపు మాత్రం ఒక్కటే.

ఆగస్టులో ఒక గురువారం మధ్యాహ్నం రెండింటికి డార్లా వచ్చింది. డార్లా ఆయన భార్య నెల్డాకి చెల్లెలు, ఊరి బళ్ళో ఆఫీసు గుమస్తా. యాభై ఎనిమిదేళ్ళు. బడి వీధి తలుపుకి మీట ఆవిడ బల్ల కింద ఉంటుంది. ఆవిడ నొక్కితేనే ఎవరైనా లోపలికి అడుగుపెట్టాలి. ఆ కుర్చీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆవిడే కూచుంటోంది. పన్నూడిన పిల్లలకి ఆ పన్ను ఇంటికి పట్టుకెళ్ళడానికి చిన్న కవర్లు, మోకాళ్ళు దోక్కుపోయినవాళ్ళకి మంచు సంచులు, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి పసుపు చీటీలు, అన్నీ ఆ బల్ల సొరుగులోంచే వస్తాయి.

"బావా, పని మీద వచ్చాను. టీ అదీ వద్దు" అంటూ ఒక నల్ల ప్లాస్టిక్ పెట్టె బల్ల మీద పెట్టింది. పెట్టె మీద మడతపెట్టిన కాగితం పెట్టింది.

"జాబితానా?" అన్నాడు హెర్షెల్.

"కోచ్ రాసిచ్చాడు."

కోచ్ అంటే బళ్ళో ఆటల మాస్టారు. అరల మీద ఆయన పేరుతో ఒకటి కాదు, రెండు డబ్బాలున్నాయి. హెర్షెల్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం విప్పాడు. అది పిల్లల భోజనాల పట్టిక. ముందు పక్క బడి తెరిచిన మొదటి వారం ఏ రోజు ఏం వండుతారో అచ్చువేసి ఉంది. వెనక పక్క కోచ్ పెద్ద పెద్ద అక్షరాలతో తొమ్మిది రాశాడు. తేలిక ట్రిగ్గరు. గురి చూపే ఎర్రచుక్క అద్దం. కొత్త బ్యారెల్. బరువైన స్ప్రింగు కడ్డీ. మూతి దగ్గర ఎదురుతన్ను తగ్గించే దిమ్మ. ఇంకా నాలుగు. తేలిక ట్రిగ్గరు కింద రెండు గీతలు గీశాడు.

"శనివారం పరీక్ష. ఇరవై అయిదు తూటాల్లో ఇరవయ్యన్నా గీత లోపల పడాలి. పోయినసారి నాకు పధ్నాలుగే పడ్డాయి. ఇదే ఆఖరి అవకాశం" అంది డార్లా. ఇంకో కాగితం తీసింది, ఇది బడి ముద్ర ఉన్నది. "దీనిమీద తుపాకీ బాగుచేసేవాడి సంతకం కూడా కావాలిట. ఆయుధం పనికి తగ్గట్టే ఉంది అని. నువ్వు పెడతావని అక్క చెప్పింది."

జూన్‌లో జరిగిందంతా నెల్డా నోట హెర్షెల్ విన్నాడు. పిలిస్తే డిప్యూటీ షెరీఫ్ రావడానికి నలభై నిమిషాలు పడుతుంది కాబట్టి, బళ్ళో ఇద్దరు ఉద్యోగులు శిక్షణ తీసుకుని పిస్తోలు దగ్గర పెట్టుకోవాలని బోర్డు తీర్మానించింది. కోచ్ అడగకముందే చెయ్యెత్తాడు. రెండో మనిషి వీధి తలుపు దగ్గర ఉండేవాళ్ళయితే బావుంటుందని సూపరింటెండెంట్ కెస్లర్ గారు అన్నారు. అనేసి ఆగారు. భోజనాల గదిలో మీటింగుకి వచ్చిన నలభైమంది ఉద్యోగులు తమ బూట్లకేసి చూసుకుంటూ కూచున్నారు. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం సగానికి వచ్చేసరికి ఆ నిశ్శబ్దం భరించలేక డార్లా చెయ్యెత్తింది. ఆవిడ జీవితమంతా అంతే. చర్చిలో కేకులు, చందాల పుస్తకం, పెళ్ళిళ్ళలో గిన్నెలు కడగడం, ఎవరూ ముందుకు రాని ప్రతి పనీ ఆ నిశ్శబ్దంలోంచే వచ్చి ఆవిడ ఒళ్ళో పడుతుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటి ఉంది గానీ, మరదలి ముందు అనేది కాదని హెర్షెల్ ఊరుకున్నాడు.

"జాబితా తర్వాత. ముందు వెనక్కి పద" అన్నాడు.

అది షెడ్డు నియమం. ఎవరు ఏం తెచ్చినా ముందు షెడ్డు వెనక మట్టికట్ట దగ్గర అయిదు తూటాలు వాళ్ళు కాల్చాలి, అయిదు ఆయన కాలుస్తాడు. ఆ తర్వాతే మాట. ఎండ మండిపోతోంది. చెట్లలో కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా రొద చేస్తున్నాయి. హెర్షెల్ కొత్త కాగితం అతికించి వచ్చి, పిస్తోలు చూసి డార్లాకిచ్చాడు. చెవులకి మూతలు పెట్టుకుని ఆవిడ అయిదు కాల్చింది. ఒక్కటీ మధ్యలో పడలేదు. అయిదూ కిందకి, ఎడమకి, పళ్ళెమంత మేర పడ్డాయి.

"చూశావా? ఎడమకి లాగేస్తోంది. కోచ్ కూడా అదే అన్నాడు. పైన గురి చూసుకునే ముక్క కొంచెం పక్కకి జరపమన్నాడు" అంది డార్లా.

ఈ ఊళ్ళో అందరూ చేసే తప్పే ఇది. తూటా ఎడమకి పడితే గురి ముక్కని సుత్తితో కొట్టి కుడికి జరుపుతారు. నెలకి ఇంకా ఎడమకి పడుతుంది, ఇంకా జరుపుతారు. ఆఖరికి అది ఊడి చేతిలోకొస్తుంది. ఆడలేక మద్దెల ఓడు అంటే ఉన్న మాటకి ఉలుకెక్కువని హెర్షెల్ ఎవరితోనూ అనేవాడు కాదు. ఆయన పిస్తోలు తీసుకుని, చెమట తుడుచుకుని, తొందర లేకుండా అయిదు కాల్చాడు. అయిదూ మధ్యలో ఒకే చిరుగయ్యాయి. డబ్భై ఏళ్ళ చేతులు మరి. ఆయనకి అందులో గర్వమేమీ కలగలేదు. మరదలికి చెప్పవలసింది చెప్పక తప్పదని మాత్రం అనిపించింది.

"పిస్తోలు బాగానే ఉంది" అన్నాడు.

"నీ చేతిలో బాగానే ఉంటుంది బావా. నీ చేతిలో చీపురుపుల్ల అయినా పేలుతుంది."

నవ్వాడు. లోపలికి తీసుకెళ్ళి, బల్ల మీద పెట్టి, జాబితా పక్కన పెట్టుకుని పెన్సిలు తీశాడు. ఇలా ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోవడం ఆయన ఇంతకుముందు ఎవరికీ చెయ్యలేదు. కొత్త బ్యారెల్ ఎందుకు, ఉన్నది నువ్వు చచ్చేదాకా అరగదు. కొట్టేశాడు. బరువు కడ్డీ, మూతి దిమ్మ పోటీలవాళ్ళకి. కొట్టేశాడు. ఎర్రచుక్క అద్దం మంచిదే, కానీ అందులో చుక్క వెతుక్కోవడానికి నెల సాధన కావాలి, నీకున్నది రేపొక్కరోజు. కొట్టేశాడు. రంగు మీటలు, పిడి కింద గరాటు, మిగిలిన రెండూ కోచ్‌కి తప్ప దేవుడికి కూడా అక్కర్లేదు. కొట్టేశాడు. పెట్టె మూత తెరిచి, అందులో కంపెనీవాళ్ళిచ్చిన చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి తీశాడు. పిడి వెనక పెట్టుకునేది, చిన్న చేతులవాళ్ళ కోసం. పెట్టెతోపాటు ఊరికే వస్తుంది. ఎవరూ పెట్టె అడుగు దాకా చూడరు కాబట్టి అది అక్కడే ఉండిపోతుంది. పెద్ద ముక్క ఊడదీసి ఇది పెట్టాడు. డార్లా పట్టుకుని చూసింది. వేలు ట్రిగ్గరు మీదకి సరిగ్గా చేరింది.

"ఇంతేనా?"

"దీనికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు."

"ట్రిగ్గరు?"

హెర్షెల్ పెన్సిలు కింద పెట్టాడు. రెండు గీతలున్న ఆ ఒక్కటే మిగిలింది. ఈ ట్రిగ్గరు నొక్కడానికి ఆరు పౌన్ల బలం కావాలి. అరగంట పని చేస్తే మూడుకి దించగలడు. దించితే శనివారం డార్లా ఇరవై కాదు, ఇరవై రెండు కొడుతుంది. అది ఆయనకి తెలుసు, కోచ్‌కీ తెలుసు. పై అరలో చివరి డబ్బా మీద వేడ్ అని ఉంది. వేడ్ ఊరి పోలీసు. తొమ్మిదేళ్ళ కిందట ఇలాగే అడిగాడు, హెర్షెల్ ఇలాగే దించాడు. ఆ చలికాలం చర్చి బయట కారులోంచి దిగుతూ, కోటు అంచు ట్రిగ్గరుకి చుట్టుకుని, వేడ్ తన తొడ తనే కాల్చుకున్నాడు. ఇప్పటికీ కుంటుతూనే వచ్చి హెర్షెల్‌ని పలకరిస్తాడు, ఒక్క మాట అనడు. అనకపోవడమే హెర్షెల్‌కి కష్టంగా ఉంటుంది.

"నీ నడుముకి ఉంటుంది ఇది. ఒకటో తరగతి పిల్లలు వచ్చి నీ నడుమే కదా కావలించుకునేది?" అన్నాడు.

డార్లా తల దించుకుంది. చెప్పుల కింద మట్టి చూసుకుంది.

"రా. ఇంకోసారి కాలుద్దాం. ఈసారి నేను నింపిస్తాను."

ఆవిడ చూడకుండా అటు తిరిగి తూటాల మ్యాగజీను నింపాడు. మూడు నిజం తూటాలు, మధ్యమధ్య రెండు ఉత్తుత్తివి. ఎరుపు ప్లాస్టిక్‌వి, అవి పేలవు. ఏది ఎప్పుడొస్తుందో కాల్చేవాళ్ళకి తెలియదు. డార్లా పిస్తోలెత్తింది. మొదటిది పేలింది. రెండోసారి ట్రిగ్గరు నొక్కితే టిక్కుమంది, అంతే. చప్పుడు లేదు, తన్ను లేదు. అయినా పిస్తోలు మూతి గింజ ఏరుకునే కోడిలా గభాలున కిందకి, ఎడమకి వాలింది. ఆవిడ కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి.

కళ్ళు తెరిచి, వాలిపోయిన చేతులకేసి చూసుకుంది.

"ఇది నేనా?"

"నువ్వే. పేలకముందే నువ్వు ఉలిక్కిపడుతున్నావు. ఇంకోసారి."

ఇంకోసారి కూడా అలాగే అయింది. డార్లా నవ్వింది. నవ్వుతూనే పిస్తోలు హెర్షెల్ చేతికిచ్చేసి, చెవి మూతలు మెడలోకి లాక్కుని, తిరగేసిన పాలబకెట్టు మీద కూలబడింది.

"అందరికీ ఉంటుందే. చప్పుడుకి అలవాటుపడితే పోతుంది. వెయ్యి తూటాలు కాలిస్తే..."

"చప్పుడు కాదు బావా."

హెర్షెల్ ఆవిడకేసి తిరిగాడు.

"శిక్షణలో ఆ పట్నం ఆయన ఒక మాట చెప్పాడు" అంది డార్లా. "వచ్చేవాడు ఎక్కణ్ణుంచో ఊడిపడడు, చాలామటుకు మీ బళ్ళో చదివినవాడే అవుతాడు అని. రాసుకోండి అన్నాడు. రాసుకున్నాను. అప్పట్నుంచి కాగితం ముందు నిలబడితే చాలు, నాకు వరుసగా మొహాలు కనపడతాయి. ఎవడై ఉంటాడు వీళ్ళలో అని. ముప్ఫయ్యొక్క ఏళ్ళ మొహాలు. వాళ్ళమ్మల పేర్లు తెలుసు నాకు. ఎవడికి వేరుశనగలు పడవో తెలుసు. ఎవడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడో, ఎందుకొచ్చేవాడో తెలుసు. ట్రిగ్గరు మీద వేలు పెడతానా, కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి." చెవి మూతలు మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నా భయం తగలదేమోనని కాదు బావా. తగులుతుందేమోనని."

కీచురాళ్ళు ఆగకుండా అరుస్తున్నాయి. హెర్షెల్ నలభై ఏళ్ళలో ఎన్నో పిస్తోళ్ళకి ఎన్నో బిగించాడు గానీ, ఎదురుగా ఉన్న మనిషి దేన్ని చూసి కళ్ళు మూసుకుంటున్నాడో ఒక్కణ్ణీ అడగలేదు.

"అయితే మానెయ్యి" అన్నాడు.

"ఎలా మానెయ్యను? నేను మానేస్తే ఎవరు? రెండో తరగతి పంతులమ్మ నిండు చూలాలు. మిగతావాళ్ళు బూట్లు చూసుకుంటారు." బడి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. "నువ్వు ఇది బాలేదని రాసెయ్యి. ఆయుధం పనికి రాదు అని రాయి. అప్పుడు నా తప్పుండదు."

"మంచి తుపాకీని చెడ్డదని ఎప్పుడూ రాయలేదు నేను."

"అయితే చెడగొట్టు."

నవ్వులాటకి అన్న మాట కాదు అది. హెర్షెల్ ఆవిడ మొహంలోకి చూశాడు. జూన్ నుంచి సరిగ్గా నిద్రలేని మొహం. షెడ్డులోకి వెళ్ళి బల్ల ముందు కూచుని, పిస్తోలు పైన జరిగే స్లయిడు విప్పి, తూటాని పొడిచే సూది ముక్కని బయటికి లాగాడు. అగ్గిపుల్లకంటే కాస్త పెద్దది. అది లేకపోతే పిస్తోలు ఇనప ముద్ద. ఖాళీ కాఫీ డబ్బా ఒకటి దించి, టేపు మీద డార్లా అని రాసి, సూదిని అందులో వేశాడు. కాగితం మీద రాశాడు: "ఈ పిస్తోలు పేలదు." అబద్ధం కాదు. ఆ నలభై రెండో డబ్బాని మిగతావాటి పక్కన పెట్టాడు. ఆయన మనసుకి అది బానే ఉందనిపించింది కూడా.

డార్లా కాగితం తీసుకుని మడిచి, సంచిలో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

"కోచ్ దగ్గర ఇంకోటుంది" అంది, వెనక్కి తిరగకుండా. "ఇది పాడైందంటే అదిస్తాడు. పైగా దానికి ట్రిగ్గరు తేలిక."

 ఫ్యాను తిరుగుతోంది. ఆ డబ్బా వల్ల ఒక్క శనివారం గడుస్తుందేమో, అంతే. ఈ సంగతి తనకి ముందే తట్టనందుకు హెర్షెల్ తనని తనే తిట్టుకున్నాడు. అడిగింది బిగించడం, అడిగింది విప్పడం. మళ్ళీ అదే పని చేశాడు.

"ఆ ముక్క తిరిగి పెట్టెయ్ బావా."

పెట్టాడు. ఈసారి ఇంకో కాగితం మీద నిజమే రాశాడు: ఆయుధం బాగుంది, ఏ మార్పూ అక్కర్లేదు. కింద సంతకం చేశాడు. చేసి ఆవిడకివ్వకుండా చేత్తో పట్టుకునే కూచున్నాడు.

"కెస్లర్ గారు ఎంతవరకుంటారు ఆఫీసులో?"

"అయిదింటిదాకా. ఎందుకు?"

"నేనే ఆయన అనుకో. ఈ పని చెయ్యనని నాతో చెప్పు."

డార్లా తెల్లబోయింది. తర్వాత లేని పమిట సర్దుకున్నట్టు చొక్కా సర్దుకుని, ఎదురుగా నిలబడింది. "కెస్లర్ గారూ, మీరేమీ అనుకోకపోతే, అంటే మీకు ఇబ్బందని తెలుసు, క్షమించాలి..."

"మూతి వాలిపోయింది" అన్నాడు హెర్షెల్. "పేలకముందే క్షమించమంటున్నావు. ఇంకోసారి."

"కెస్లర్ గారూ, నేను ఈ పని... ఇంకెవరూ దొరక్కపోతే సరే గానీ..."

"కళ్ళు మూశావు."

ఉత్తుత్తి తూటాల పద్ధతే పట్టాడు. ఏది ఎప్పుడొస్తుందో తెలియకుండా ఏవేవో అడిగాడు. ఆదివారం చర్చికి కేకు తెస్తావా డార్లా? "తెస్..." అని నాలిక కరుచుకుంది. మీ అక్క పుట్టినరోజు వంట నువ్వే చెయ్యాలి. "మెనూ ఏమ..." అని ఆగింది. ఒకసారి తనూ నవ్వింది, ఒకసారి కోపం వచ్చి, "నీకిదంతా వేళాకోళంగా ఉందా" అంది. ఇంట్లోంచి నెల్డా ఫోను చేసింది. మరదలూ బావా ఇంతసేపు ఏం బాగుచేస్తున్నారని అడిగింది. "దీని నోరు" అని చెప్పి పెట్టేశాడు హెర్షెల్. నాలుగున్నర దాటింది. గడ్డి కోసే యంత్రం అరువిస్తావా, చలికాలం కోట్లు కొనడానికి చందా వసూలు చేస్తావా, రేపు నాతో చేపలకొస్తావా, డార్లా, తలుపు దగ్గర పిస్తోలు పెట్టుకుని కూచుంటావా?

"కూచోను" అంది డార్లా.

కళ్ళు తెరిచే ఉన్నాయి. హెర్షెల్ కాగితం, పెట్టె చేతికిచ్చాడు. ఆవిడ కారు కంకర రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికొచ్చి ఖాళీ డబ్బా మీద టేపు పీకేశాడు. కానీ పని మీద చెయ్యి సాగలేదు. ఊరికే స్క్రూలు ఏరుతూ కూచున్నాడు. అక్కడికెళ్ళి నోరు తెరుస్తుందో లేదో. తెరిచి మళ్ళీ క్షమించమని వస్తుందో. రేపెప్పుడైనా ఏదైనా జరిగితే, ఈ పూట తను చేసినదాన్ని ఏమనుకోవాలో. ఆ ప్రశ్నకి ఏ డబ్బాలోనూ జవాబు లేదు.

అయిదున్నరకి నెల్డా టమాటా శాండ్విచ్‌లు, టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆరవబోతుంటే కారు చప్పుడైంది. డార్లా లోపలికొచ్చి, ఒక శాండ్విచ్ తీసుకుని, పాలబకెట్టు లోపలికి లాక్కుని దానిమీద కూచుని సగం తినేసింది. చేతిలో పెట్టె లేదు.

"ఆయన బల్ల మీద పెట్టొచ్చాను" అంది. "నీ కాగితం కూడా. తుపాకీ బాగుంది, నేనే దానికి పనికిరాను అని చెప్పాను. చెప్పాలనుకున్నవి ఇంకో నాలుగున్నాయి గానీ అవి రాలేదు."

"ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదు." మూతి తుడుచుకుంది. "జూన్‌లోలాగే. పెన్ను మూత పెడుతూ తీస్తూ, నాకేసి చూస్తూ కూచున్నారు. గోడ గడియారం చూశాను. మూడు నిమిషాలు. రెండో నిమిషం దాటాక నా చెయ్యి లేవబోయింది బావా. నిజంగా, దానంతటదే. ఒట్టు." కుడి చెయ్యి ఎత్తి, ఎవరిదో అన్నట్టు చూసుకుంది. "దాన్ని కుర్చీలో పెట్టుకుని దానిమీద కూచున్నాను."

హెర్షెల్ టీ గ్లాసు ఆవిడ వైపు జరిపాడు.

"మరి ఎవరట?"

"తెలీదుట. చూస్తాం అన్నారు. కోపంగానే అన్నారు." రెండో ముక్క తీసుకుంది. "సోమవారం తలుపు మాత్రం నేనే తీస్తాను. ఏడుంబావుకి."

"భయంగా లేదూ?"

"ఉంది. అది పిస్తోలున్నప్పుడూ ఉంది."

బల్ల మీద కోచ్ రాసిన జాబితా అలాగే పడి ఉంది, తొమ్మిదింట్లో ఎనిమిది కొట్టేసి. డార్లా దాన్ని దగ్గరికి లాక్కుంది. హెర్షెల్ పెన్సిలు తీసుకుని, ఆయన వదిలేసిన రెండు గీతలదాన్ని కూడా తనే కొట్టేసింది. తర్వాత కాగితం తిరగేసి, కళ్ళజోడు పైకి తోసుకుని, ముందు పక్క అచ్చువేసి ఉన్న భోజనాల పట్టిక మీద వేలు పెట్టింది.

"సోమవారం జున్ను మాకరోనీ వేశారు" అంది. "టిల్మన్ వాళ్ళ చిన్నదానికి పాలు పడవు. వంటగదిలో చెప్పాలి."